మినిట్స్ బుక్కులో మా సంతకం

గల్లీలో ఉన్నన్నాళ్లూ ట్యాంకర్ వెనక బిందెలతో ఉరికినవాళ్లం. హైదరాబాద్‌లో ఈ ఫ్లాట్ కొన్నాక రాత్రి మోటార్ కాలితే పొద్దున్నకల్లా నీళ్లొస్తున్నాయి. లిఫ్టు, వాచ్‌మన్, డ్రైనేజీ అన్నీ అసోసియేషనే చూసుకుంటది. కాదనం.

మొన్న మూడో అంతస్తులో ఫ్లాట్ ఖాళీ అయింది. మీటింగ్ పెట్టి, కిరాయికి వెజిటేరియన్లకే ఇవ్వాలన్నారు. ఆదివారం ఏ అంతస్తులో చూసినా మటన్ కుక్కర్ కూతే! మనిషిని వద్దనలేక కూరని వద్దంటున్నారని మాకు తెలుసు.

"మీ గురించి కాదు భాయ్, మీరు మావాళ్లే" అన్నాడు సెక్రటరీ.

అహ్మదాబాద్‌లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ, సభ్యత్వం పార్సీలకేనని బైలాలో రాసుకుంది. అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు కనీసం రాసుకున్నారు. ఇక్కడ మా పేరు ఎక్కడా రాయరు. రాయనిదాన్ని ఏ కోర్టులో చూపిస్తాం?

మినిట్స్ బుక్ మా ముందుకొచ్చింది. అందరూ మావైపే చూస్తున్నారు. బిందెలు గుర్తొచ్చాయి. సంతకం పెట్టాం.

మా ఆపా ఆర్నెల్లుగా ఇల్లు వెతుకుతోంది. పేరు చెప్పగానే "ఇచ్చేశామమ్మా" అంటున్నారట. నిన్న ఫోన్ చేసి, "మీ బిల్డింగ్‌లో ఏదైనా ఖాళీ ఉందా రా?" అనడిగింది.

కనుక్కుని చెప్తామన్నాం.