సచ్చిపోనాక మాటాడినావా?

"మీ అమ్మతో మాటాడినావా?" అని అడిగిందావిడ.

"అమ్మ పోయింది. ఏడాది కావస్తోంది" అన్నాను.

"అదే అడుగుతున్నాను. సచ్చిపోనాక మాటాడినావేటి?"

సీతంపేట దాటి కొండెక్కితే వచ్చే ఒక సవర ఊరు. అప్పటికది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఆవిడ సంతలకు దిగి చీపుళ్ళమ్ముతూ తెలుగు నేర్చుకుంది. ఒకప్పుడు కుడాన్‌బోయ్, అంటే చనిపోయినవాళ్ళను మాట్లాడించే పూజారిణి. నేను నోట్‌బుక్కు, పెన్నుతో ప్రశ్నలు అడగడానికి వెళ్ళాను. మొదటి ప్రశ్న ఆవిడే అడిగింది.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకు గిడుగు రామమూర్తి అంటే వ్యావహారిక భాషోద్యమం. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పనిచేసిన ఆయన సవర భాష నేర్చుకుని 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణం ప్రచురించారని పరీక్షల కోసం నేనూ బట్టీ పట్టాను. ఆ భాషలో ఆడవాళ్ళు ఏం మాట్లాడతారో, ఎవరితో మాట్లాడతారో తెలుసుకోవాలని మాత్రం డాక్టరేట్ చేతికొచ్చేదాకా తోచలేదు.

చదవడానికి ఉన్నవి కూడా సరిహద్దుకు అవతలి పుస్తకాలే. ఒరిస్సా కొండల్లోని సవరల మతం గురించి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం తెచ్చాడు. 1970లలో ఆ కొండలకే వెళ్ళిన పియర్స్ విటెబ్‌స్కీ, మృతులతో సవరలు జరిపే సంభాషణల మీద 1993లో పుస్తకం రాశాడు. అందులో చదివింది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

పూజారిణి కాళ్ళు చాపుకుని కూర్చుని పాడుతుంది. ఆమె ప్రాణం పాతాళానికి దిగిపోతుంది. ఖాళీ అయిన ఆమె గొంతులోకి చనిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. వాళ్ళను సోనుం అంటారు. చుట్టూ మూగిన బతికున్నవాళ్ళు దండాలు పెట్టి ఊరుకోరు. ఏడుస్తారు, నవ్వుతారు, కల్లు పోస్తారు, పోట్లాడతారు. ఎందుకు వెళ్ళిపోయావని వీళ్ళు నిలదీస్తే, నాకు జబ్బు చేసినప్పుడు మీరేం చేశారని వాళ్ళు నిలదీస్తారు. ఒక్క రోజుతో తెగేది కాదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. మొదట్లో కోపంగా, హాని చేసేలా ఉన్నవాళ్ళు మాటల మీద మాటలతో మెత్తబడి, ఇంటి పెద్దలై, తమ పేరును ఒక పసిబిడ్డకు ఇస్తారు. చివరికి రెండోసారి చనిపోయి సీతాకోకచిలుకలైపోతారు. ఈ అంత్యక్రియల పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఇది చదివి పొంగిపోవడం సులభం. నేనూ పొంగిపోయాను. కానీ ఆ పదవి ఆమె కోరుకుంటే వచ్చేది కాదు. పిల్లగా ఉన్నప్పుడే పాతాళం నుంచి ఒక వరుడు కలలోకొచ్చి పెళ్ళాడమంటాడు. కాదంటే జబ్బు పడుతుంది, మతి చెడుతుంది. ఒప్పుకుంటే ఆ పెళ్ళి జరుగుతుంది, పైన మామూలు మొగుడూ ఉండొచ్చు. ఆ పాతాళపు భర్త సవర కాడు. రాజులో క్షత్రియులో, కొండ కింది కులాలవాడు. భూమ్మీద తమను దోచిన కులాలవాళ్ళనే ఆమె భూమి కింద తనకు తోడుగా మార్చుకుందా, లేక అక్కడ కూడా వాళ్ళకే లొంగిందా? నేనింకా తేల్చుకోలేదు.

పడమటి స్త్రీలు వెతుక్కుంటున్నదీ ఇలాంటి పీఠమే. ఇంగ్లండులో మంత్రగత్తెల చట్టం 1951లో రద్దయింది. 1954లో గెరాల్డ్ గార్డనర్ పుస్తకంతో విక్కా మతం లోకానికి తెలిసింది. 1979లో స్టార్‌హాక్ 'ది స్పైరల్ డాన్స్' వచ్చాక ఎంతోమంది స్త్రీవాదులు 'నేను మంత్రగత్తెను' అని గర్వంగా చెప్పుకున్నారు. మా ప్రాంతంలో ఆ ధైర్యం అంత తేలిక కాదు. చిల్లంగి పెట్టిందన్న ఒక్క మాటతో ఇక్కడ ప్రాణాలు పోతాయి. ఒరిస్సా 2013లో ఇందుకోసం ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది. కుడాన్‌బోయ్ చిల్లంగి మనిషి కాదు, ఊరంతా తన దుఃఖాన్ని నమ్మి అప్పగించే మనిషి. అయినా నోట్‌బుక్కులో 'మంత్రగత్తె' అని రాసుకుని, వెంటనే కొట్టేశాను.

ఇక ఆవిడ ప్రశ్న. నేను కాపురం వదిలేసి వచ్చినప్పుడు అమ్మ "తిరిగి వెళ్ళు" అంది. ఎనిమిది నెలలు మేం మాట్లాడుకోలేదు. తర్వాత అమ్మ పోయింది. అన్నయ్య తల కొరివి పెట్టాడు. ఆడపిల్లలు శ్మశానానికి రాకూడదన్నారు, వీధి గుమ్మంలో ఆగిపోయాను.

ఇదంతా చెప్పి "మా అమ్మని పిలుస్తావా?" అని అడిగేశాను. రీసెర్చి చేసేవాళ్ళు అడగకూడని మాట.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మీ సచ్చినోల్లు నాకు తెలవదు. మావోల్లనే పిలడం మానేసినాను. నా పిల్లలు చర్చికెల్తన్నారు. ఆల్లు అడగరు, నాను పిలను." కాసేపాగి, "పోయినోల్లు ఎదురుసూస్తారేమో" అంది. కొత్త తరం సవరలకు వాళ్ళ మతం, చదువు వాళ్ళ ఇష్టం. పాతది పోతోందని బాధపడే హక్కు బస్సులో దిగి బస్సులో వెళ్ళిపోయే నాకు లేదు. ఆవిడ బాధ మాత్రం నాకు తెలిసింది.

సంవత్సరీకం రోజున అన్నయ్య ముందు గదిలో పిండాలు పెడుతున్నాడు. వంటింట్లో పిన్నీ, నేనూ. "అమ్మ నన్నెందుకు వెళ్ళమంది?" అని అడిగేశాను, పిన్నినో, పొయ్యినో.

పిన్ని గరిటె దించకుండానే అంది: "భయపడిందే. ఒక్కదానివి ఎలా బతుకుతావోనని. ఆ భయం నీకు తెలియకూడదనుకుంది."

"అయితే ఎనిమిది నెలలు ఒక్క ఫోనైనా చెయ్యలేదేం?"

పిన్ని ఇటు తిరిగింది. ఆ చూపు అచ్చం అమ్మదే.

"నువ్వెందుకు చెయ్యలేదు?"