లాప్‌టాప్‌ను పాడు చేసింది ఎవరు?

ఈసారి గోడ పత్రికకు కవిత రాస్తానని పేరు ఇచ్చాను. కాని కవిత రాయలేదు. ఒక నిజం చెప్పాలి. అది చెప్పకుంటే నాకు అన్నం సరిగా దిగుతలేదు.

మన స్టడీ హాల్ లాప్‌టాప్ సంగతి మీకందరికీ తెలుసు. దసరా సెలవుల తర్వాత అది పాడైంది అన్నారు. ఎనిమిదో తరగతి చెల్లె ఒకామె పాడు చేసింది అన్నారు. ఆమెను తొమ్మిది రోజులు కంప్యూటర్ దగ్గరికి రానియ్యలేదు. ఆమెను చూసి కొందరు నవ్వినారు కూడ. కాని ఆ రోజు బటన్ నొక్కింది ఆమె కాదు. నేను.

మా ఊరు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి అవతల ఉంటది. మేము గోండులం. మన అత్వెల్లి పక్కనుండి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదనే ఉత్తరానికి పోతే, కామారెడ్డి, నిర్మల్ దాటినంక గుడిహత్నూర్ వస్తది. అక్కడ దిగి పక్క రోడ్డు పట్టుకుంటే మా దిక్కు. రాత్రి లారీల చప్పుడు వినపడితే ఇవి మా దిక్కే పోతున్నయి అనుకుంటా. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా బాపుకు చదువు రాదు. కాని ఆయన నన్ను ఇక్కడ దించి పోయేటప్పుడు ఒక్క మాట చెప్పిండు. "బిడ్డా, చదవకుండ ఏ కాయితం మీద వేలు పెట్టకు. మేము పెట్టి చెడ్డం."

నేను వేలు పెట్టాను. కాయితం మీద కాదు, కంప్యూటర్ మీద.

ఆ రోజు శనివారం సాయంత్రం. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. తెర మీద ఇంగ్లీషులో ఒక పెద్ద డబ్బా వచ్చింది. అందులో విండోస్ 11 అని ఉంది. కింద రెండు బటన్లు ఉన్నాయి. నాకు పూర్తిగా అర్థం కాలేదు. పెద్దవాళ్లు అడిగితే సరే అనాలి గదా, కంప్యూటర్ కూడ అట్లనే అనుకున్నాను. నీలం రంగు బటన్ నొక్కిన. అది ఏదో దించుకోవడం మొదలుపెట్టింది. నాకు భయమైంది. ఛార్జర్ పెట్టి అట్లనే వదిలేసి మెస్‌కు పోయిన. నా తర్వాత ఆ చెల్లె ల్యాబ్‌కు వచ్చింది. లాప్‌టాప్ మూసింది ఆమె. అందుకే ఆమె పేరు బయటికి వచ్చింది.

సోమవారం చూస్తే తెర మారిపోయింది. బొమ్మలు ఎడమ మూల నుండి నడుమకు వచ్చినాయి. అందరికీ సంబురమైంది. అదే వారం వానకు ల్యాబ్ కప్పు కారితే లాప్‌టాప్‌ను స్టడీ హాల్‌కు తెచ్చినం. అక్కడ ప్లగ్ ఒక్కటే ఉంది, అది నీళ్ల ఫిల్టర్‌ది. కనుక బ్యాటరీ మీద నడిపినం. నలభై నిమిషాలు కూడ నడవలేదు. 32 శాతం అని చూపిస్తూ చూపిస్తూనే టప్పున ఆగిపోయింది.

అట్ల ఆగినప్పుడు దాని ముందు కూర్చున్నది నేనే. మా బాపమ్మ చెప్పిన గోండి మాటలు టైప్ చేస్తున్న. గోండి మాట, పక్కన తెలుగు మాట. మా ఆదిలాబాద్‌లోనే గుంజాల అనే ఊర్లో గోండి లిపిలో పాత చేతిరాత ప్రతులు దొరికినాయి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు ఇచ్చారు. కాని నాకు ఆ అక్షరాలు ఇంకా రావు. అందుకే తెలుగు అక్షరాల్లోనే రాస్తున్న. మేము నీళ్లను ఏర్ అంటం. తెలుగులో ఏరు అంటే వాగు. ఇల్లును రోన్ అంటం. ఇట్లాంటివి ఆ సాయంత్రం 43 మాటలు కొట్టిన. సేవ్ చేయలేదు. అన్నీ పోయినాయి. సెలవుల్లో బాపమ్మ పొయ్యి కాడ కూర్చొని ఒక్కొక్కటి యాది చేసుకొని చెప్పింది. కొన్నే నోట్‌బుక్‌లో ఉన్నాయి. మిగిలినవి నా తలకాయలోనే ఉండె.

అప్పుడు అందరూ ఒకటే మాట అన్నారు. "కొత్త విండోస్ వేసినంకనే బ్యాటరీ ఖరాబైంది. దాన్ని ముట్టుకున్నది ఎవరు?" చెల్లె పేరు చెప్పారు. ఆమె ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. నన్ను బడి నుండి పంపిస్తరేమో, బాపుకు ఫోన్ చేస్తరేమో అని వణికిన.

పదో రోజు పొద్దున ప్రార్థన అయినంక కంప్యూటర్ మేడమ్ దగ్గరికి పోయి చెప్పేసిన. మేడమ్ తిట్టలేదు. "ముందు లెక్క చూద్దాం, తర్వాత తప్పు చూద్దాం" అన్నది. నల్ల తెర ఒకటి తెరిచింది. దాన్ని కమాండ్ ప్రాంప్ట్ అంటరు. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, వాలుగీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టింది. కంప్యూటర్ ఒక రిపోర్టు తయారు చేసి పెట్టింది. మనకు ప్రోగ్రెస్ కార్డు ఉన్నట్టే బ్యాటరీకి అది ప్రోగ్రెస్ కార్డు.

అందులో రెండు అంకెలు ముఖ్యం. కొత్తగా ఉన్నప్పుడు బ్యాటరీ ఎంత పట్టాలి అనేది మొదటిది. మనదానికి 41,040 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే ఎంత పడుతున్నది అనేది రెండోది. 15,200. అంటే వందకు 37 మార్కులే! మన లాప్‌టాప్ మెల్లగా పని చేస్తే గంటకు 12,000 దాకా తింటది అనుకుందాం. కొత్త బ్యాటరీ అయితే మూడు గంటల పైన వస్తది. ఇది గంటా పావు వస్తది, అంతే.

"అయితే కొత్త విండోస్ దీన్ని తినేసిందా మేడమ్?" అని అడిగిన. మేడమ్ నవ్వి రెండో లాప్‌టాప్ తెమ్మన్నది. అది దీనితోపాటే మన బడికి వచ్చింది. ఒకటే కంపెనీ, ఒకటే వయసు, ఆరేళ్లు. దానిలో ఇంకా పాత విండోస్ 10 ఉంది. దానికీ రిపోర్టు తీసినం. 16,010. అంటే 39 మార్కులు. ఎవరూ బటన్ నొక్కని దానికి కూడ ఇంచుమించు అంతే! మరి అది బాగుంది అని ఎట్ల అనుకున్నం? దాని ఛార్జర్ ఎన్నడూ పీకలేదు గనుక. ఛార్జర్ పీకితే అదీ గంట దాటి ఎక్కువసేపు నిలువలేదు.

అప్పుడు నాకు తెలిసింది. ఆ వారంలో మారింది ఒకటి కాదు, రెండు. విండోస్ మారింది. లాప్‌టాప్ చోటు కూడ మారింది. మొదటిది కండ్లకు కనబడ్డది, రెండోది ఎవరం లెక్కలోకి తీసుకోలేదు. ముందు వచ్చినదే కారణం అనుకున్నం. మా ఊర్లో కూడ కొత్త కోడలు వచ్చిన నెలలో ఎద్దు చస్తే కోడలినే అంటరు. ఎద్దు ముసలిది అని అనరు.

మరి వంద శాతం అని చూపించేది అబద్ధమా? కాదు. మేడమ్ చెప్పినది నేను మా ఇంటి జొన్నల గుమ్మితో అర్థం చేసుకున్నాను. గుమ్మి నిండింది అంటే నిజంగానే నిండింది. కాని అడుగున మట్టి పేరుకొని గుమ్మే చిన్నగైంది. మన బ్యాటరీలో లిథియం ఒక దిక్కు నుండి ఇంకో దిక్కుకు పోతూ వస్తూ ఉంటది. పోయి వచ్చిన కొద్దీ కొంత లిథియం చిక్కుకుపోయి పనికి రాకుండ పోతది. వేడి తగిలితే ఇంకా తొందరగా పోతది. ఎప్పుడూ వంద దగ్గరే నిలబెట్టినా అంతే. మన ల్యాబ్ రేకుల కప్పు కింద, ఎండకాలం కూడ, రాత్రింబగళ్లు ఛార్జర్ పెట్టి ఉంచినం. ముసలిదైన బ్యాటరీ మీద బరువు పడితే ఒక్కసారిగా చతికిలబడతది. అందుకే 32 దగ్గర ఆగింది.

కొత్త విండోస్‌కు అసలు సంబంధమే లేదని కూడ అనొద్దు. పెద్ద మార్పు జరిగినంక కంప్యూటర్ కొన్ని రోజులు లోపల పనులు చేసుకుంటది. ఫైళ్లన్నీ వెతికి జాబితా రాసుకుంటది, మిగిలిన భాగాలు దించుకుంటది. అప్పుడు కరెంటు ఎక్కువ తింటది. మొదట నలభై నిమిషాలు నడిచింది వారం తర్వాత గంట దాటింది. అంటే ఆ భాగం దానంతట అదే సర్దుకున్నది. విండోస్ 10కు మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ఆగింది. కనుక ఎప్పుడన్నా మార్చవలసిందే అని మేడమ్ చెప్పింది. కాని అడిగి మార్చాలి.

మేడమ్ ఇంకో రెండు సంగతులు చెప్పింది. 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. అది వేసుకున్న చాలామందికి బ్యాటరీ మార్చుకోండి అని తెర మీద వచ్చింది. కొత్త విండోస్ మా బ్యాటరీలను చెడగొట్టింది అని గొడవ చేశారు. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్లు పరీక్షించి, ఆ బ్యాటరీలు ముందే అరిగినాయి, పాత విండోస్‌లో అట్లా చెప్పే ఏర్పాటు లేదు అన్నారు. రెండోది 2017 సంగతి. ఆపిల్ కంపెనీ బ్యాటరీ అరిగిన ఐఫోన్లు టక్కున ఆగిపోకుండ కొత్త అప్‌డేట్‌తో వాటిని నెమ్మది చేసింది. కాని ఆ సంగతి జనానికి సరిగా చెప్పలేదు. డిసెంబరులో బయటపడ్డది. క్షమాపణ అడిగి, బ్యాటరీ మార్చే ధర తగ్గించింది. మొదటి దాంట్లో నిజం చెప్పినదానికి తిట్లు పడ్డయి. రెండో దాంట్లో దాచినందుకు తిట్లు పడ్డయి. నేను రెండో రకం పని చేసిన.

బ్యాటరీని నేను చెడగొట్టలేదు అని తెలిసినంక సంబురం కావాలి గదా. కాలేదు. ఎందుకంటే చెల్లె ఏడ్చిన తొమ్మిది రోజులు రిపోర్టులో లేవు. అవి నా వల్లనే. చెల్లె, నీకు అందరి ముందు, ఈ గోడ మీద రాసి క్షమాపణ అడుగుతున్న.

వార్డెన్ మేడమ్ గారూ, మీకు చిన్న మనవి. బ్యాటరీ కొత్తది వేయిస్తే స్టడీ హాల్‌లో అందరికీ ఉపయోగం. అంతవరకు కొన్ని పద్ధతులు పెట్టుకుందాం. ఛార్జ్‌ను 80 దగ్గర ఆపే ఏర్పాటు లాప్‌టాప్‌లో ఉంటే పెట్టుకోవాలి. పరుపు మీద, దిండు కింద పెట్టి నడపొద్దు. అడుగు భాగం ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ఆపి మేడమ్‌కు చెప్పాలి, అది కాలిపోయే ప్రమాదం ఉంటది, పొడవకూడదు. పది నిమిషాలకు ఒకసారి సేవ్ చేయాలి. అర్థం కాని డబ్బా వస్తే చదివించుకొని నొక్కాలి. ఎవరినన్న తప్పు పట్టే ముందు రిపోర్టు తీసి చూడాలి.

చెల్లె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తానే వచ్చింది. ఆమెది ఉట్నూర్ దిక్కు, ఇంట్లో గోండే మాట్లాడుతరు. పోయిన మాటల్లో 11 మాటలు తాను చెప్పింది. ఆదివారం ఫోన్‌లో బాపమ్మ ఇంకో 19 చెప్పింది. నోట్‌బుక్‌లో 9 ఉన్నాయి. ఇంకా 4 దొరకాలి. బాపమ్మ ఆలోచిస్తున్నది. ఈసారి చెల్లె చదువుతుంటే నేను కొడుతున్న. ప్రతి అయిదు మాటలకు "అక్కా, సేవ్" అని ఆమె గుర్తు చేస్తున్నది.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని