బహదూర్‌పురాలో పగలే రాత్రి

నెహ్రూ జూపార్కుకు వచ్చేవాళ్లు పులుల దగ్గరా ఏనుగుల దగ్గరా నిలబడి, ఎండ మండిపోతుంటే నీడ కోసం నిశాచర జంతువుల గదుల్లోకి దూరతారు. నేను మాత్రం వాటి కోసమే వెళ్లాను. 1963లో తెరిచిన ఈ పార్కులో నాకు నచ్చే చోటు ఇదేనంటే సింహాల అభిమానులు కోప్పడతారేమో! ఇక్కడ రాత్రి దీపాలు దేదీప్యమానంగా వెలుగుతాయి, పగలు మసక వెలుతురే. జంతువులు పాపం మనం తిరిగే వేళనే రాత్రనుకుని మేలుకుంటాయి.

లోపల అడుగుపెట్టగానే ఏమీ కనబడదు. నా ముందున్న పిల్లాడు "అమ్మీ, కుచ్ దిఖ్‌తా నై" అంటూ తల్లి బుర్ఖా పట్టుకున్నాడు. ఎవరో ఫోను వెలిగించబోతే "లైట్ బంద్ చెయ్యున్రి" అని వెనకనుంచి గదమాయింపు. కాసేపటికి కొమ్మ మీద దేవాంగపిల్లి తేలింది. పిడికెడు ఒళ్లు, ముఖమంతా కళ్లే. ఒక చెయ్యి తీసి, ఆగి, ఇంకో చెయ్యి వేస్తూ సాగుతోంది. ఆ కంటి లోపల అద్దం లాంటి పొర ఒకటి వెలుతురును మళ్లీ వెనక్కి కొడుతుంది. దొరికిన కాస్తనే రెండుసార్లు వాడుకోవడం!

దేవాంగపిల్లి ఉన్న వెలుతురును వాడుకుంటుందే గాని, సొంతంగా వెలగలేదు. మిణుగురులు వెలుగుతాయి, కానీ అవి పురుగులు. వెన్నెముక ఉన్నవాటిలో సొంతంగా వెలుగు పుట్టించే విద్య చేపలకే అబ్బింది. నాకు తోచిన కారణం ఇది: దేవాంగపిల్లి దాక్కోవడానికి ఆకులున్నాయి. సముద్రంలో 500 మీటర్ల కింద చాటన్నదే లేదు. పైనుంచి దిగే సన్నని నీలి వెలుతురులో, కిందున్న వేటగాడికి చేప నీడ నల్లగా కనబడిపోతుంది. అందుకే లాంతరు చేప పొట్ట మీది చుక్కలను ఆ వెలుతురుకు సరిపడా వెలిగించి నీడను చెరిపేస్తుంది. లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఆక్సిజన్‌తో కలిసి పుట్టించే చల్లని వెలుగు అది. మాలకోస్టియస్ అనే లోతు చేప మరీ గడుసుది. దాని కంటి కింద ఎర్రని వెలుగుంటుంది. లోతు ప్రాణుల్లో చాలావాటికి ఎరుపు ఆనదు కాబట్టి, తన మీద వెలుగు పడిందని ఎరకే తెలియదు.

అంత లోతుకు పోనక్కర్లేదు కూడా. మన తీరంలో వలకు పడే కారలనే చేపల గొంతు చుట్టూ వెలిగే బాక్టీరియా కాపురం ఉంటుంది. కొన్ని రకాల్లో మగవాటి వెలుగు సంచి ఆడవాటికన్నా పెద్దది, జతకోసం సైగ చేయడానికి.

బయటికొచ్చాక కాకినాడ మిత్రుడితో ఈ మాటంటే నవ్వాడు. "మా అమ్మ వంకాయలో ఎండు కారలే వేస్తది గురూ, ఏ రోజూ గిన్నె వెలగలేదే!"

ఎండబెట్టాక బాక్టీరియా ఎక్కడ బతుకుతుందీ అన్నాను.