కాన్సాస్ సిటీలో పొర తగాదా

కాన్సాస్ సిటీ అంటే కాన్సాస్ రాష్ట్రంలో వుంటుందని అనుకుని వెళ్ళినవారికి మొదటిరోజే తికమక తప్పదు. వూరు రెండు రాష్ట్రాల మీదా పరుచుకుని వుంది. పెద్ద వూరు మిస్సోరీలో వుంది. పడమటి భాగం కాన్సాస్‌లో వుంది. స్టేట్ లైన్ రోడ్డు అని ఒక వీధి వుంది. ఆ వీధికి ఇటుపక్క ఇంటివారు ఒక రాష్ట్రానికీ, ఎదురింటివారు మరో రాష్ట్రానికీ పన్ను కట్టుకుంటారు. మా అమ్మాయీ, అల్లుడూ కాపురం వుంటున్నది కాన్సాస్ వైపున. మొన్న వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళి అక్కడ రెండు నెలలు వున్నాం.

గుంటూరికి మిరపకాయ ఘాటు వున్నట్టే ఈ వూరికీ ఒక వాసన వుంది. అది కట్టెల పొగ వాసన. హికరీ అని ఒక చెట్టు. మన అక్రోటుకి దాయాది. ఆ కట్టె పొగలో మాంసాన్ని గంటల తరబడి మగ్గబెట్టడమే వీళ్ళ బార్బెక్యూ. ఆ వూళ్ళో అటువంటి హోటళ్ళు వందకు పైగా వున్నాయి. పెరట్లో పొయ్యి లేని ఇల్లు వెతకాల్సిందే.

ఈ పొగకి మూలం తెలియాలంటే రెండు నదులు కలిసే పల్లానికి వెళ్ళాలి. మిస్సోరీ నదిలో కాన్సాస్ నది కలిసే ఆ చోట 1871లో పశువుల సంత వెలిసింది. రైళ్ళ నిండా గొడ్లూ పందులూ దిగేవి; చుట్టూ పెద్ద పెద్ద కబేళాలు లేచాయి. 1951 జూలైలో వచ్చిన వరద ఆ పల్లాన్ని ముంచెత్తింది. ఆ దెబ్బ తరవాత సంతకి పూర్వపు కళ రాలేదు. 1991లో మూసేశారు. కాని సంత నడిచిన నూటయిరవై ఏళ్ళలో ధర పలకని ముక్కలు, ఎముకలు ఎక్కువా కండ తక్కువా వున్నవి, బీదవాళ్ళకి చవకగా దొరికేవి. చవక మాంసం గట్టిగా వుంటుంది. దాన్ని మెత్తబరచాలంటే సన్నని సెగా, బోలెడు ఓపికా కావాలి. ఆ ఓపిక నల్లజాతి వంటవాళ్ళది.

వారిలో మొదట చెప్పుకోవలసినవాడు హెన్రీ పెర్రీ. టెనెసీ నుంచి వచ్చి, నదుల మీద ఆవిరి ఓడల్లో వంటపని చేసి, 1908లో ఈ వూరి సందులో మాంసం అమ్మడం మొదలెట్టాడు. తరవాత ఒక పాత ట్రాము షెడ్డులోకి మారాడు. పక్కటెముకల పలక పావలా డాలరు; కట్టి ఇచ్చేది పాత వార్తాపత్రికలో. మన మిరపకాయబజ్జీల లాగే అన్నమాట! ఆయన 1940లో పోయాడు. ఆయన దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్, 1946లో చార్లీ తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ ఆ కొట్టు నడిపారు. 1972లో కాల్విన్ ట్రిలిన్ అనే రచయిత, లోకంలోకెల్లా గొప్ప హోటలు అదేనని ఒక పత్రికలో రాసేసరికి బ్రూక్లిన్ ఎవెన్యూలోని ఆ కొట్టుకి దేశదేశాల జనం మూగారు. మేమూ వెళ్ళాం. నేనూ అల్లుడూ వరసలో నిలబడ్డాం. మా ఆవిడ మాత్రం కారులో కూచుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నది.

మన వైపు మధ్యతరగతి ఇళ్ళలో పంది మాంసం వండేవారు తక్కువే. మా ఇంట్లో అయితే పేరు కూడా ఎత్తరు. అయినా పరాయి వూరు వెళ్ళి, ఆ వూరివాళ్ళు ప్రాణం పెట్టి చేసుకునేదాన్ని చూడకుండా వస్తే వెళ్ళినట్టా?

మా అమ్మాయి పక్కింట్లో డెబ్బయి దాటిన నల్లజాతి పెద్దాయన వున్నాడు. ఆయన తండ్రి ఆ కబేళాల్లో కూలిపని చేసినవాడే. ఏటా జూలై నాలుగున, అంటే వాళ్ళ స్వాతంత్ర్య దినాన, ఆయన పెరట్లో నలభైమంది బంధువులు చేరతారు. అందరికీ పక్కటెముకలు కాల్చిపెట్టేది ఆయనే. ఆ ఏడు మాత్రం చేతి కీళ్ళు పట్టేసి వేళ్ళు ముడవలేకపోతున్నాడు. మనవడు కాలేజీ కుర్రవాడు. ముందురోజు పొద్దున్న వాళ్ళిద్దరూ కంచె అవతల వాదించుకుంటున్నారు. గొడవ ఎముకల మీది పొర గురించి.

పంది పక్కటెముకల పలకని బోర్లిస్తే, ఎముకలున్న లోపలివైపున తెల్లగా మెరిసే పలచని పొర ఒకటి అతుక్కుని వుంటుంది. కండలోని జిగట పదార్థం నిదానపు సెగకి కరిగి మెత్తబడుతుంది. ఈ పొర అంత తేలిగ్గా కరగదు, తోలులాగా బిగుస్తుంది. పైగా ఆ వైపునుంచి ఉప్పూ, మసాలా, పొగా లోపలికి దిగనివ్వదు. అందుకని కాల్చేముందు తీసెయ్యాలంటారు.

“హోటళ్ళలో చాలామంది తియ్యరు తాతా. కత్తితో నాలుగు గాట్లు పెట్టి పొయ్యిమీద వేస్తారు. పొర వుంటే రసం కారిపోదు, ఎముకలు విడిపోవు” అని మనవడి వాదన.

“వాళ్ళు వందల పలకలు అమ్ముకునేవాళ్ళు. మనం నలభైమందికి పెట్టేవాళ్ళం. పొర తియ్యకపోతే నేను పొయ్యి వెలిగించను” అన్నాడు ముసలాయన.

మనవడి మాట ఉత్తిదేమీ కాదు. నిప్పుకి దగ్గరగా, పెద్ద సెగ మీద కాల్చేవాళ్ళకి ఆ పొర అప్పడంలా పెళుసెక్కి బాగానే వుంటుందిట. కాని ముసలాయనది నిదానపు వంట. 225 నుంచి 250 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్. అయిదారు గంటల పని.

నేను కంచె దగ్గర నిలబడటం చూసి ఆయన, “మీరు రండి, వీడికి కళ్ళతో చూపించాలి” అని పిలిచాడు. చెంచా కాడని మధ్య ఎముక మీద, పొర కిందికి దూర్చి మెల్లగా పైకి లేపాలి. కత్తి మొన వాడితే పొర చిరిగి పీలికలవుతుంది. వేలు దూరేంత సందు దొరికాక, జారిపోకుండా కాగితపు తుండుముక్కతో పట్టుకుని ఒక చివరికి లాగాలి. అడుగున ఇంకో సన్నపొర కనిపిస్తుంది. అది ఎముకల్ని పట్టివుంచేది. దాన్ని కదిపితే ఎముకలు విడిపోతాయి. ఒక్కోసారి దుకాణం వాళ్ళే పైపొర తీసి అమ్ముతారు. అది తెలియనివాళ్ళు ఈ అడుగు పొరని పెరుకుతారట.

ఆయన చెప్పగలిగాడు గాని లాగలేకపోయాడు. వేళ్ళు బిగవలేదు. రెండుసార్లు కాగితం జారింది. మనవడు తల వంచుకున్నాడు.

అంతలో కంచె ఇవతల నుంచి మా ఆవిడ, “ఏమండీ, ముంజె తొక్క తీసినట్టే కదండీ అది?” అంది. మాంసం వంక చూడకుండా ఎలా కనిపెట్టిందో! ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లేత తాటిముంజె మీద తొక్క గోటితో కాస్త లేపితే చాలు, వేళ్ళ మధ్య దానంతటదే వస్తుంది. తొక్కతో తింటేనే కడుపుకి మంచిదని మా నాయనమ్మ, వగరని మా అమ్మ. మా ఇంట్లోనూ ఏటా వేసవిలో ఇదే తగాదా.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి ముసలాయన విరగబడి నవ్వాడు. మొదటి పలక నేను లాగాను, ఒక్క పట్టున వచ్చింది. రెండోదాని దగ్గర మనవడు నా చేతిలో చెంచా తీసుకున్నాడు. అయితే పందెంగా ఒక పలకకి మాత్రం పొర వుంచాలన్నాడు. ముసలాయన సరేనన్నాడు.

మర్నాడు తెల్లారకుండా పొయ్యి వెలిగింది. ఈ వూళ్ళో 1980 నుంచి ఏటా పెద్ద పోటీ జరుగుతుంది. అటువంటి పోటీల్లో తీర్పరులు మాంసం ఎముక నుంచి ఊడి పడితే ఉడుకు మించిందంటారు. కొరికినచోట పంటి గుర్తు నిలవాలి, మిగతాది ఎముకనే పట్టుకుని వుండాలి. ముసలాయన పలకలు అచ్చంగా అలాగే వచ్చాయి. నేను రెండు ఎముకలు తిన్నాను. తీపీ, కారం, పొగా, ఆ వరసలో నాలికకి తగిలాయి. పొరతో కాల్చిన పలక పిల్లల బల్ల మీదికి వెళ్ళింది. ఒక పాప నమిలి నమిలి, ఒక తోలుముక్కని మర్యాదగా కంచం అంచున పెట్టింది. మనవడు తనూ ఒకటి కొరికి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు, ముసలాయన అసలే అనలేదు.

ఆగస్టులో వాళ్ళ చర్చి విందుకి పన్నెండు పలకలు కాల్చాల్సి వచ్చింది. కుర్రవాడు మా ఇంటికొచ్చి, ఇంట్లో కాడ గట్టిగా వున్న చెంచా ఒకటే వుందని, మా అమ్మాయి చెంచాల్లో ఒకటి అడిగి పట్టుకెళ్ళాడు.