ఇంటిపాటకు రెండు మైకులు



లాలిపాట, మంగళహారతి, అప్పగింతల పాట - ఇవన్నియు నొక స్త్రీ నోటినుండి మఱియొక స్త్రీ చెవికి వచ్చినవే గదా! పుస్తకమున కెక్కినవి కొన్ని, ఎక్కనివి యనేకములు. పాడెడువారు పోయిన నవియును వారితో పోవును. ఇంటనే శబ్దమును నిలిపియుంచు సాధనములు నేడు లభించుచుండగా, వానిని వాడుకొను పద్ధతి మనము తెలిసికొనుట మంచిది. మేము మాయింట చేసి చూచినదానినే యిచట వ్రాయుచున్నాము.

మా అత్తగారికి 74 ఏండ్లు. తల్లిగారివలన వచ్చిన పాటలు వారికి నలువదికి పైగా కలవు. నిరుడు ఒక్క గుక్కలో పాడిన చరణమును ఈ యేడు నడుమ నాగి పాడుచున్నారు. ఉత్తగదిలో యంత్రము నెదుట పాడుమన్న వారికి నోరు రాదు. మనుమరాలు విద్యుత్ గిటారుపై శ్రుతి పట్టినచో మాత్రము తామే తాళము వేయుచు పాడుదురు. కావున గొంతును, గిటారును ఏకకాలముననే పట్టవలసివచ్చెను. చిక్కంతయు నందే యున్నది.

హారతిపాటకు గిటారేమని కొందఱు నవ్వవచ్చును. పాలకొల్లున 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ గారు విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును వాయించి దేశదేశముల మెప్పు పొందలేదా? వాద్యము పరాయిదైనను చేయి మనదైన జాలును.

విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి 1925లో వ్యాప్తిలోనికి వచ్చినది. అంతకుముందు గాయకులు పెద్ద కొమ్ములోనికి పాడెడివారు. గట్టివాద్యములు దూరముగాను, గొంతు దగ్గఱగాను నిలువవలసియుండెను. ఒకే మైకున్నను అంతే: ఒకసారి కలిసిన పాళ్లను పిమ్మట మార్చుట కష్టము. రెండు మైకులున్నచో గొంతు వేరుగాను, గిటారు వేరుగాను కంప్యూటరున చేరును. పిదప దేనిని హెచ్చింపవలెనో మన యిష్టము.

మైకులలో ముఖ్యముగా రెండు జాతులు గలవు. డైనమిక్ మైకులో అయస్కాంతము నొద్ద తీగచుట్ట కదలును. అది గట్టి శబ్దమునకు బెదరదు. షూర్ కంపెనీవారు 1965లో తెచ్చిన ఎస్.ఎమ్. 57 ఈ జాతిదే. నేటికిని గిటారు ఆంప్లిఫయరుల ముందు కనబడుచున్నది. కండెన్సరు మైకు సన్నని యూపిరిని సైతము పట్టును. దానికి సాధారణముగా 48 వోల్టుల విద్యుత్తు కావలెను. మేము డైనమిక్ మైకును ఆంప్లిఫయరు గుడ్డకు రెండంగుళముల దూరమున నిలిపితిమి. స్పీకరు నడిబొడ్డు నెదుట ధ్వని పదునుగాను, అంచువైపున మెత్తగాను ఉండును. కండెన్సరు మైకును అత్తగారి నోటికి జానెడు దూరమున నుంచి, ప, భ వంటి యక్షరముల గాలి తగులకుండ నడుమ నైలాను తెర నమర్చితిమి.

అయినను రెండు మైకులు రెండు శబ్దములను వినును. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును; అనగా సెకనులో వేయవవంతున 34 సెంటీమీటర్లు. ఒకే ధ్వని రెండవ మైకును అంత యాలస్యముగా చేరెనేని, సెకనుకు 500 మారులు కదలు అల యొకదానిలో లేచునప్పుడు మఱియొకదానిలో దిగును. రెంటిని కలిపిన నొకదాని నొకటి మ్రింగును. ఆడువారి గొంతు తిరుగు తావు అదియే. మొదటినాటి పాట డబ్బాలోనుండి వచ్చినట్లుండెను. అత్తగారు విని, "ఇది నా గొంతటే? నేనింత పలుచనైపోతినా?" యనిరి. రెండు దినములు మైకు దరికి రాలేదు. పలుచనైనది వారి గొంతు కాదు, అలల లెక్కయని నమ్మించుట మాకు మిక్కిలి యవసరమయ్యెను.

దీనికి ఉపాయములు సులభములు. నోటికి మైకు జానెడు దూరమున నున్నచో, రెండవ మైకు దానికి మూడు జానలకు తక్కువగాని దూరమున నుండవలెను. మేము రెండు మీటర్లకు పైగా జరిపితిమి. గొంతు మైకు ముందు వినును, వెనుక మిక్కిలి తక్కువగా వినును. కావున దాని వీపును ఆంప్లిఫయరువైపు త్రిప్పితిమి. నడుమ దండెముపై రెండు బొంతలు వ్రేలాడదీసి, ఆంప్లిఫయరు ధ్వనిని తగ్గించితిమి. ధ్రువతను తలక్రిందులు చేయు మీట యొకటి కలదు. దానిని నొక్కియు, నొక్కకయు విని, ఏది నిండుగా నున్న దాని నుంచుకొనవలెను. ఫంకా నాపుట, పొయ్యిమీది కుక్కరును దింపుట మఱువరాదు.

మూడవనాడు అత్తగారు విని చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "మా అమ్మ పాడినట్లే యున్నదే" యనిరి. నాటినుండి వారే పిలిచి కూర్చుండిరి. నెలలో 19 పాటలు ముగిసినవి. ఒక లాలిలో చరణము నడుమ వారు ఊపిరి తీసికొన్న చప్పుడున్నది. కంప్యూటరులో దానిని తుడిచివేయవచ్చునని అమ్మాయి చెప్పినది. మేము వలదంటిమి. ఆ యూపిరియు వారిదే.

రెండు మైకులు లేనివారు చేతిలోని ఫోనుతోనైనను పని మొదలిడవచ్చును. పాడినవారి పేరు, ఊరు, పాట యెవరివలన వచ్చినదో మొదట వారినోటనే చెప్పించి, ప్రతిని రెండు తావుల దాచుకొనుడు. సాధనము లేపు మెఱుగైనవి రావచ్చును; పాడెడి పెద్దలు మాత్రము నేడున్నారు.