తెడ్డు టైరు

ఏ నేలకు ఆ చక్రం అన్న సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. ఇనప పట్టా వేసిన బండి గట్టి బాట మీద హాయిగా పోతుంది. దాన్నే ఏటి ఇసుకలోకి దింపితే పట్టా కత్తిలా దిగబడుతుంది. ఎద్దులు మోకాళ్ల మీద పడవలసిందే. అందుకే రబ్బరు టైర్ల బండి వచ్చాక ఇసుక తోలేవాళ్లు దానికి మళ్లారు. అది వెడల్పుగా ఉండి ఇసుకను కోయకుండా తొక్కుతూ పోతుంది. ఇంతవరకు మనందరి అనుభవమే. కాని పడవ తెడ్డు నీటిని తోసినట్టు ఇసుకను వెనక్కి తోస్తూ పోయే టైరు ఒకటున్నదని మాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది.

వాడికి కాలిఫోర్నియాలోని శాండియాగోలో ఉద్యోగం. అక్కడికి తూర్పున, మెక్సికో సరిహద్దు దగ్గర, ఇంపీరియల్ ఇసుక దిబ్బలని ఉన్నాయి. సుమారు 45 మైళ్ల పొడుగు. కొన్ని దిబ్బలు 300 అడుగుల ఎత్తు. ఒకప్పుడు మోటార్లు ఆ ఇసుక దాటలేకపోతే, 1915లో చెక్క పలకలు పరిచి దాని మీద బాట వేశారు. ఎన్నిసార్లు ఊడ్చినా ఇసుక వచ్చి కప్పేసేది. 1926లో మంచి రోడ్డు పడేదాకా ఆ పలకల బాటే గతి. దాని ముక్కలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఆ చోటికే ఈనాడు చలికాలం సెలవుల్లో వేలాది జనం సరదాకు బండ్లు తీసుకుని పోతారు.

మావాడూ ఒక స్నేహితుడూ కలిసి పాత యమహా బాన్షీ ఒకటి కొన్నారు. నాలుగు చక్రాల మోటారు సైకిలన్న మాట. 347 సి.సి., రెండు సిలిండర్ల టూ స్ట్రోకు ఇంజను. 1987 నుంచి 2006 దాకా అమెరికాలో అమ్మారట. పాత యజమాని ఇంజను బోరు కాస్త పెంచి, పొగగొట్టాలు మార్చి, వెనక ఇరుసును పట్టుకునే చట్రాన్ని పొడిగించాడు. ఇక ఇసుకకు తగిన టైర్లు కావాలి.

మా అక్కకు వీడొక్కడే కొడుకు. బావగారు పోయి ఆరేళ్లయింది. అటువంటి బండి దిబ్బ ఎక్కే బొమ్మ ఒకటి ఫోనులో చూసిన రాత్రి అక్క మాకు ఫోను చేసింది. "ఒరే తమ్ముడూ, నువ్వంటే వాడికి గురి. వద్దని ఒక్క మాట చెప్పు" అన్నది. ఆ వారంలోనే వాడూ చేశాడు. "మావయ్యా, మూడు రకాల టైర్లు చూశాను. నువ్వు స్టోర్సులో ఉన్నావు కదా, ఏది కొనాలో చెప్పు. అమ్మతో మాత్రం అనకు" అన్నాడు.

మేము బరంపురంలో ఒక ఆఫీసులో స్టోర్సు గుమాస్తా. చదువు మెట్రిక్యులేషను. పగలు ఒడియాలో ఫైళ్లు, రాత్రి తెలుగులో పత్రికలు. టైర్ల శాస్త్రం మాకెందుకు తెలుస్తుంది? అయితే ముప్పై ఏళ్ల వాణ్ణి, సొంత సంపాదన ఉన్నవాణ్ణి, వద్దంటే మానతాడా? మాకు చెప్పకుండా కొంటాడు, అంతే. ఇవాళ టైరు సంగతి చెప్పడం మానితే రేపు మరే సంగతీ మా చెవిన పడదు. అది మాకు ఆ దిబ్బలకంటె ఎక్కువ భయం. అంచేత "కొటేషన్లు తరవాత చూద్దాం. ముందు ఇండెంటు రాయి" అన్నాము. బండి బలమెంత, ఎక్కేవాడి బరువెంత, ఏ ఇసుక, ఏ పని అన్నవి రాసి పంపమన్నాము. పంపాడు. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని మేమూ చదువుకున్నాము.

మామూలు గడ్డల టైరు మెత్తని ఇసుకలో గిర్రున తిరిగితే తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. తెడ్డు టైరు ఒళ్లు నున్నగా ఉంటుంది. దాని మీద అడ్డంగా, దోసిలిలా వంపు తిరిగిన రబ్బరు రెక్కలు లేచి ఉంటాయి. ఒక్కొక్క రెక్క ఇసుకను దోసి వెనక్కి నెడుతుంది. బండి ముందుకు పోతుంది. బాన్షీకి ఇంజను బలం వెనక చక్రాలకే గనుక తెడ్లూ వాటికే. ముందు చక్రాలకు నున్నటి టైరు, నడుమ ఒక్క గట్టు ఉంటే చాలు. బండిని తిప్పడానికి అది పడవ చుక్కాని వంటిది.

గాలి సంగతి వేరే. కారు టైరుకు 30 పౌండ్ల పైన కొట్టిస్తాము. ఈ బండ్ల టైర్లకు 5 పౌండ్ల చుట్టుపక్కలే. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, బరువు విస్తరిస్తుంది. బ్యాగ్నోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1930 ప్రాంతాల్లో ఫోర్డు కార్లతో లిబియా ఎడారి తిరిగినప్పుడు ఈ కిటుకునే వాడుకున్నాడు. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్మును వదిలేస్తుంది సుమా.

ఇక కొటేషన్లు. మూడింటి మీదా 20, 11, 9 అనే అంకెలున్నాయి. అంటే టైరు ఎత్తు 20 అంగుళాలు, వెడల్పు 11, రిమ్ము 9. తేడా అంతా రెక్కల్లో ఉంది. ఒకదానికి 8 రెక్కలు, ముప్పాతిక అంగుళం ఎత్తు. రెండోదానికి 10. మూడోదానికి 12, ఎత్తు అంగుళం పైన. స్నేహితులంతా మూడోదే కొనమన్నారట. వాళ్ల బండ్లు కొత్తవి, ఇంజన్లు దీనికి రెట్టింపు. "వాళ్లు పై దాకా ఎక్కితే నేను కింద నిలబడనా మావయ్యా?" అన్నాడు.

గోపాలపురం ఒడ్డున మన జాలరుల పడవలు చూసిన వారికి దీని జవాబు తెలుసు. కుర్రాడి చేతికి పెద్ద తెడ్డు ఇస్తే పడవ జోరుగా పోదు, చెయ్యి పడిపోతుంది. రెక్కలు పెరిగినకొద్దీ, ఎత్తయినకొద్దీ, ఒక్క చుట్టుకు తోయవలసిన ఇసుక పెరుగుతుంది. ఆ బరువు మోసేది ఇంజను. పైగా టూ స్ట్రోకు ఇంజనుకు, అందులోనూ గొట్టాలు మార్చిన దానికి, బలమంతా వేగంగా తిరిగినప్పుడే. రెక్కలు దాన్ని పట్టి ఆపితే వేగం పడిపోతుంది, బలం ఎగిరిపోతుంది, క్లచ్చి కాలుతుంది. ఏటవాలు నడుమ బండి ఆగిపోతుంది.

బలం చాలినా మరొక చిక్కు. టైరు మరీ గట్టిగా పట్టి తోస్తే ఎక్కుడులో ముందు చక్రాలు లేచి బండి మనిషి మీదికే తిరగబడవచ్చును. చట్రం పొడిగించేది అందుకే గాని అది పూర్తి అభయం కాదు. ఇసుక దిబ్బకు గాలి వచ్చే వైపు వాలుగా, రెండో వైపు 30 డిగ్రీలకు పైబడిన జారుడుగా ఉంటుంది. ఎక్కేవాడికి ఆ రెండో వైపు కనబడదు. నిన్న వాలుగా ఉన్న శిఖరం ఇవాళ గాలికి కత్తి అంచు కావచ్చు. అందుకే అక్కడ ప్రతి బండికీ నేల నుంచి 8 అడుగుల ఎత్తున జెండా కట్టాలని నియమం. అవతలి వాడికి ముందు జెండా కనబడాలని.

ఇవన్నీ ఆఫీసు పద్ధతిలో కంపారిటివ్ స్టేట్‌మెంటుగా గీసి పంపాము. చివర మా సిఫారసు: 8 రెక్కలది. ఎంచేతనంటే ఇండెంటులోని ఇంజను ఈ బండిది, పక్కవాడి బండిది కాదు. కింద మూడు షరతులు. ఒకటి, టైరు ఎక్కించేటప్పుడు పైనుంచి చూస్తే రెక్కల దోసిలి ముందుకు తిరిగి ఉండాలి. తిరగేసి బిగిస్తే ఇసుక పక్కలకు జారిపోతుంది. రెండు, ఈ టైర్లతో రోడ్డెక్కరాదు; గట్టి నేల మీద రెక్కలు అరిగి చిరుగుతాయి. మూడు, హెల్మెట్టు, జెండా లేకుండా బండి కదలరాదు. అడుగున ఇంకొక వాక్యం రాశాము: "ఈ కాగితం మీ అమ్మకు నువ్వే చదివి వినిపించాలి."

చాలాసేపు జవాబు లేదు. తరవాత "సరే" అని వచ్చింది. ఆదివారం నాడు తల్లికి గంటసేపు చదివి వినిపించాడట. అక్క మళ్లీ ఫోను చేసినప్పుడు వద్దన్న మాట ఎత్తలేదు. "ఆ దోసిలి ముందుకే తిరిగి ఉందా అని అడిగాను. ఉందన్నాడు" అన్నది.

డిసెంబరు సెలవుల్లో వెళ్లి వచ్చారు. చిన్న దిబ్బలన్నీ ఎక్కాడట. అన్నిటికంటె పెద్ద దిబ్బ మీద ముప్పాతిక దూరం పోయేసరికి ఇంజను మొరాయించబోయింది. పూర్తిగా ఆగకముందే బండిని విల్లులా వంచి కిందికి మళ్లించాడు. స్నేహితులు పైనుంచి కేకలు వేశారట. "నవ్వారు మావయ్యా" అన్నాడు గాని గొంతులో చిన్నతనం లేదు. ఆ సంగతి మాకంటె ముందు తల్లికే చెప్పాడు.

ఇప్పుడు కొత్త ప్రశ్న పంపాడు. ముందు పళ్ల చక్రానికి ఒక పన్ను తగ్గిస్తే ఇంజను తేలికపడి అదే టైరుతో ఆ దిబ్బ ఎక్కవచ్చునా అని. మళ్లీ ఇండెంటు రాయమన్నాము. ఈసారి నకలు ఒకటి నేరుగా మా అక్కకు పంపాడు.