గేర్‌బాక్స్ దించకముందే

విజయవాడ బందరు రోడ్డు మీద బస్సు దిగి ఆటోనగర్ గేటు దాటిన మనిషిని ముందుగా పలకరించేది వాసన. వేడెక్కిన ఇనుము, మాడిన గ్రీజు, కొత్త రంగు, డీజిలు కలగలిసిన వాసన. ఆ వెంటనే రొద. ఒక షెడ్డులో కమాన్ కట్టలను సుత్తితో సాగగొడుతుంటారు, పక్క షెడ్డులో లేత్ మిషను కీచుమంటుంటుంది, ఎదుటి షెడ్డులో లారీ బాడీకి రేకు బిగిస్తుంటారు. ఇంత గోలలో కూర్చుని, బండి గేర్‌బాక్స్ లోపల ఏ భాగం అరిగిందో చెవితో విని చెప్పేవాళ్లున్నారంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. డ్రైవర్లు నమ్ముతారు. వాళ్లకు వేరే దారి లేదు.

1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ ఆసియాలోకెల్లా పెద్దదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఎవరు కొలిచారని అడిగితే మాత్రం టీ తెప్పిస్తారు. కొలత సంగతెలా ఉన్నా, ఇది ఇక్కడ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం పోయే రహదారి (ఒకప్పుడు 5, 9 నంబర్లు, ఇప్పుడు 16, 65) ఈ ఊళ్లోనే బెంజి సర్కిల్ దగ్గర కలుస్తాయి. కృష్ణా జిల్లాలో పొలం తర్వాత డబ్బు పెట్టుబడి పెట్టేది లారీ మీదే అన్న రోజులున్నాయి. తమిళనాట నమక్కల్‌కు లారీ బాడీలతో పేరొచ్చింది. ఢిల్లీలో కశ్మీరీ గేటు విడిభాగాలకూ, మాయాపురి పాత సామానుకూ ప్రసిద్ధి. ఆటోనగర్‌లో ఈ మూడూ ఒకే ప్రహరీలో దొరుకుతాయి.

గత ఇరవై ఏళ్లలో ఈ గేటులోకి వచ్చే బండ్ల వరస మారింది. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చాయి. బొలేరో పికప్ పల్లెటూళ్లకు కూడా అలవాటైన బండి అయింది. లారీ యజమాని వేరు, డ్రైవరు వేరు అనే పాత లెక్క చిన్న బండ్ల విషయంలో చెరిగిపోయింది. వాయిదాల మీద కొన్నవాడే నడుపుతాడు, నడిపినవాడే లోడు దింపుతాడు. కైకలూరు, ఆకివీడు చేపల పెట్టెలు, నూజివీడు మామిడి, ఉయ్యూరు వైపు నుంచి కూరగాయలు, అన్నీ వీటి మీదే. బండి షెడ్డులో రెండు రోజులుంటే ఆ రెండు రోజుల సంపాదనే కాదు, రోజూ లోడు ఇచ్చే షావుకారు కూడా చేజారిపోవచ్చు. అందుకే గేరు సరిగ్గా పడని పికప్ ఆటోనగర్ దాకా వచ్చిందంటే, అప్పటికే వారం పదిరోజులుగా డ్రైవరు దాన్ని బతిమాలుతూ, బలవంతంగా గేరు తోస్తూ నడిపాడనే అర్థం. సగం నష్టం ఆ పదిరోజుల్లోనే జరుగుతుంది.

“గేరు పడట్లేదు” అన్న ఒక్క మాట వెనక అరడజను జబ్బులుంటాయి. జ్వరం లాంటిదది, రోగం కాదు, లక్షణం. మంచి మేస్త్రి అందుకే స్పానర్ తీయకముందు ప్రశ్నలు తీస్తాడు. మామిడి సీజనులో నున్న మార్కెట్లో కాయ దించి, ఖాళీ బండితో వచ్చిన ఓ నూజివీడు కుర్రాడికీ, నలభై ఏళ్లుగా గేర్‌బాక్స్‌లే విప్పుతున్న ఓ మేస్త్రికీ మధ్య నడిచిన సంభాషణ ఇది:

“రెండో గేరు అసలు పడట్లేదండీ మేస్త్రిగారూ. మిగతావి కూడా మొరాయిస్తున్నాయి.”

“ఇంజను ఆపేసి వేసి చూశావా అబ్బాయ్?”

“ఆపేస్తే అన్నీ పడుతున్నాయండీ.”

“ఎవరికన్నా చూపించావా?”

“మా ఊళ్లో చూపించానండీ. బాక్స్ దించాలన్నారు, రెండ్రోజులన్నారు. సీజనండీ. రెండ్రోజులు ఆపితే ఇంకో బండి పెట్టేసుకుంటారండీ.”

మేస్త్రి సగం రోగనిర్ణయం రెండో జవాబుతోనే అయిపోయింది. ఇంజను తిరుగుతుండగా గేరు మారాలంటే రెండు పనులు సవ్యంగా జరగాలి. క్లచ్ తొక్కగానే ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ సంబంధం పూర్తిగా తెగిపోవాలి. ఆ తర్వాత, వేర్వేరు వేగాలతో తిరుగుతున్న గేరునూ షాఫ్టునూ ఒక ఇత్తడి రింగు రుద్దుకుని క్షణంలో ఒకే వేగానికి తేవాలి. దాన్నే సింక్రో రింగు అంటారు. వేగాలు కలిశాకే పళ్లు కలుస్తాయి. కలవకముందే తోస్తే వచ్చేదే ఆ గరగర. ఇంజను ఆపినప్పుడు లోపల తిరిగేదేమీ ఉండదు కాబట్టి ఈ రెండు పనుల అవసరమే రాదు. అప్పుడు కూడా గేరు పడకపోతే తప్పు లివరులోనో, కేబుల్లోనో, లోపల గేరును జరిపే ఫోర్కులోనో ఉన్నట్టు. ఆపితే పడి, నడుస్తుంటే పడకపోతే ముందు చూడాల్సింది క్లచ్‌ని.

మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేసి, క్లచ్ అడుగంటా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేశాడు. చాలా పికప్‌లలో రివర్సుకు సింక్రో రింగు ఉండదు. క్లచ్ నిజంగా విడిస్తే ఈ నాలుగైదు సెకన్లలో లోపలి షాఫ్టు తిరగడం ఆగి, రివర్సు చప్పుడు లేకుండా పడాలి. అది గర్రుమంది. అంటే పెడల్ తొక్కినా ఇంజను ఇంకా షాఫ్టును తిప్పుతూనే ఉంది. ఈసారి పెడల్‌ని గబగబా నాలుగుసార్లు కొట్టి తొక్కిపట్టాడు. రివర్సు మెత్తగా పడింది. రెండో గేరూ పడింది. దిగి, బండి కింద గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న క్లచ్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో పైకెత్తితే తడిగా ఉంది. సీలు పోయి ఆయిలు కారుతోంది, గాలి దూరింది. ఆ గాలిని నొక్కడానికే పెడల్ సగం దూరం ఖర్చయిపోతోంది.

కుర్రాడి గేర్‌బాక్స్‌కు ఏమీ కాలేదు. సిలిండర్ మార్చి, గాలి తీసి, సాయంత్రానికి పంపేశారు. ఖర్చు వందల్లో తేలింది. దించితే వేలల్లో పడేది. దించి, విప్పి, బాగానే ఉన్న రింగులు మార్చి, తిరిగి ఎక్కించినా గేరు పడేది కాదు. అసలు సంగతి అది.

పెడల్ కొట్టినా గుణం కనిపించకపోతే కథ లోపలికి పోతుంది. క్లచ్ ప్లేట్ వంగి ఉండొచ్చు, ప్రెషర్ ప్లేట్ వేళ్లు అరిగి ఉండొచ్చు. ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న పైలట్ బేరింగ్ పట్టేసినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇంజను తిప్పుడు ఆ బేరింగ్ ద్వారా నేరుగా షాఫ్టుకు చేరుతుంటుంది, క్లచ్ ఎంత బాగున్నా ఏం లాభం?

అన్ని గేర్లకూ కాకుండా ఒక్క గేరుకే బాధ ఉంటే అనుమానం ఆ గేరు ఇత్తడి రింగు మీదకు పోతుంది. ఊళ్లో తిరిగే బండికి ఎక్కువగా రెండోది. ఎక్కువసార్లు వాడేదీ, లోడుతో ఎక్కువ నలిగేదీ అదే. దీన్ని తేల్చడానికి పాత లారీ డ్రైవర్ల విద్య ఒకటుంది, డబుల్ క్లచ్. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, గేరు దించేటప్పుడైతే కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి వేయడం. సింక్రో రింగులు లేని కాలంలో వేగాలు కలిపే పని డ్రైవరు కాలే చేసేది. ఇప్పుడు అలా వేస్తే గేరు మెత్తగా పడి, మామూలుగా వేస్తే గరగరమంటే రింగు అరిగిందని నమ్మొచ్చు. వేసిన గేరు వాలులో యాక్సిలరేటర్ వదలగానే ఎగిరి న్యూట్రల్‌లోకి వచ్చేస్తే అది వేరే జబ్బు. పళ్ల అంచులు గుండ్రబడటమో, ఫోర్కు అరగడమో, గేరును పట్టి ఉంచే స్ప్రింగు బలహీనపడటమో కారణం. బాక్స్ దించక తప్పదు. ఫోర్కు అరగడానికి డ్రైవర్ల చేతి అలవాటు కూడా తోడవుతుంది. స్నేహితుడి భుజం మీద వేసినట్టు గేరు రాడ్ మీద చెయ్యేసి మైళ్లకు మైళ్లు నడుపుతారు. ఆ చేతి బరువంతా లోపల తిరుగుతున్న ఉక్కును నొక్కుతూనే ఉంటుంది.

శబ్దానికి ఇంకో పరీక్ష ఉంది. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తూ, కాలు క్లచ్ మీద లేనప్పుడు వచ్చే హోరు, తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ముందు షాఫ్టు బేరింగ్. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. బండి కదిలేటప్పుడు ‘టక్’మని కొట్టి, గేరు మార్చిన ప్రతిసారీ అదే దెబ్బ వినిపిస్తే చాలామంది గేర్‌బాక్స్‌నే తిట్టుకుంటారు. చాలాసార్లు అది వెనకనున్న ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసో, సెంటర్ బేరింగో, ఇంజను కింద చిరిగిన రబ్బరు దిమ్మో అయివుంటుంది. బండి కిందకు దూరి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తే తెలిసిపోయే విషయం.

వీటన్నిటికంటే చవకైన సాక్షి ఆయిలు. డ్రెయిన్ బోల్టు విప్పి కాస్త ఆయిలు అరచేతిలో పట్టుకుంటే గేర్‌బాక్స్ చరిత్ర కనిపిస్తుంది. అయస్కాంతం ఉన్న బోల్టుకు పలచటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. ఇనుప పెచ్చులుంటే బేరింగో పళ్లో పోతున్నట్టు. ఇత్తడి మాత్రం అయస్కాంతానికి దొరకదు. అరచేతిని ఎండకేసి పెడితే ఆయిలులో బంగారు రజనులా మిలమిలలాడుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, యజమానికి కాదు.

ఆయిలు విషయంలో చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. గేరు ఆయిలు డబ్బా మీద జీఎల్-4 అనీ, జీఎల్-5 అనీ ఉంటుంది. ఐదు నాలుగు కంటే పెద్దది కాబట్టి మంచిదనుకుంటారు. జీఎల్-5 వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్‌ల కోసం చేసింది. విపరీతమైన ఒత్తిడిని తట్టుకునేలా గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు అందులో ఎక్కువ పాళ్లలో ఉంటాయి. అవి ఇత్తడికి పడకపోవచ్చు. పైగా రుద్దుకుని ఆగాల్సిన సింక్రో రింగును జారుస్తాయి. కంపెనీ పుస్తకంలో జీఎల్-4 అని ఉన్న బాక్స్‌లో, హౌసింగ్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలిందే పోసేస్తే గేర్లు మొరాయించడం మొదలవుతుంది. తెల్లవారుజామున మాత్రమే గట్టిగా ఉండి, నాలుగు కిలోమీటర్లు నడిచాక దారికొచ్చే గేర్లకు కూడా ముందు ఆయిలునే అనుమానించాలి. సరైన ఆయిలు మార్చి చూడటానికి అయ్యే ఖర్చు బాక్స్ దించే కూలీలో చిన్న భాగం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడు ఈ ఆయిలు పరీక్ష విలువ ఊరందరికీ తెలిసింది. గేర్‌బాక్స్ పైన గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. బండి మునిగితే నీరు అందులోంచి, సీళ్లలోంచి లోపలికి చేరుతుంది. ఆయిలు పాలు పోసిన టీ రంగుకు మారుతుంది. ఇంజను గురించి కంగారుపడి దాని ఆయిలు మార్పించుకుని, గేర్‌బాక్స్‌ను మరిచినవాళ్ల బండ్లు మామూలుగానే నడుస్తాయి, కొన్నాళ్లపాటు. బేరింగుల మీద పట్టిన తుప్పు గుంటలు పడి, హోరు బయటికి వినిపించేసరికి నెలలు గడుస్తాయి. నీళ్లలో కదలకుండా నిలిచిన బండ్లకు క్లచ్ ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడం ఇంకో బెడద.

ఇంత చూసి చెప్పినందుకు ఆటోనగర్‌లో విడిగా కూలీ లేదు. డాక్టరుకు ఫీజు చూసినందుకు ఇస్తారు, మేస్త్రికి విప్పినందుకే ఇస్తారు. “నీ బాక్స్‌కు ఏమీ కాలేదు పో” అని అరగంట పరీక్షించి చెప్పిన మేస్త్రికి దక్కేది ఓ టీ, మహా అయితే చిన్న సీలు మార్చిన కూలీ. దించేద్దామన్నవాడికి రెండు రోజుల పని, సామాను కొట్టు వాడిచ్చే కమీషను. అయినా చూసి చెప్పేవాళ్లు ఇంకా మిగిలారంటే దానికి మంచితనం ఒక్కటే కారణం కాదు. నూజివీడు కుర్రాడు రేపు తన ఊళ్లో పదిమందికి ఏ షెడ్డు పేరు చెబుతాడో ఆ మేస్త్రికి తెలుసు. ఇక్కడ బోర్డుల కంటే డ్రైవర్ల నోళ్లే ఎక్కువ వ్యాపారం తెస్తాయి. కానీ ఆ లెక్క వేసుకునే ఓపిక అద్దె షెడ్డులో కొత్తగా మొదలుపెట్టినవాడికి ఉండటం కష్టం.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఆటోనగర్‌లో స్కానర్లు పెరిగాయి. ఇంజనులో ఏ సెన్సర్ ఏడుస్తోందో అవి చెబుతాయి. చేత్తో గేరు మార్చే బాక్స్ దగ్గరికొచ్చేసరికి దాదాపు మూగబోతాయి. అరిగిన ఇత్తడి రింగుకు కోడ్ నంబరు లేదు. ఆటోనగర్‌ను ఆనుకునే ఉన్న కానూరులో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. మేస్త్రుల పిల్లల్లో కొందరు అక్కడికి వెళుతున్నారు, ఎక్కువమంది కంప్యూటర్ల వైపే. షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్లకు విప్పడం, బిగించడం త్వరగానే వస్తుంది. విప్పకుండా వినడం నేర్చుకోవాలంటే పక్కన కూర్చుని వందల బండ్లు వినాలి, అందుకు ఎవరూ జీతమివ్వరు. ఇక 2022లో విడుదలైన టాటా ఏస్ ఈవీ లాంటి బండ్లకైతే మార్చడానికి గేర్లే లేవు. వాటి గురించి అడిగితే పెద్ద మేస్త్రులు అవి ఎంత లోడు లాగుతాయని ఎదురు ప్రశ్న వేస్తారు.

షెడ్డు మూలన ఒక పాత ఆయిలు డబ్బా ఉంటుంది. బాక్స్‌లు విప్పినప్పుడు తీసేసిన రింగులన్నీ అందులో వేస్తారు. చాలావాటికి లోపలి గాట్లు నున్నగా చెరిగిపోయి ఉంటాయి. వెతికితే గాట్లు ఇంకా పదునుగా ఉన్నవీ కొన్ని కనిపిస్తాయి, అవి ఎందుకు మార్చారో ఎవరూ అడగరు. డబ్బా నిండాక పాత ఇత్తడి కొనేవాడు వచ్చి, రెండు రకాలనూ ఒకే తక్కెడలో వేసి కిలోల లెక్కన తూచుకుపోతాడు.